హంపీకని బయల్దేరి ఎమ్మిగనూరులో షాకబ్జర్లు మార్చిన వైనం

హంపీ ఎలా ఉందని అడిగిన వాళ్లందరికీ కలిపి ఒకేసారి జవాబు: తెలియదు. బయల్దేరింది హంపీకే. దారిలో మా మోటారు సైకిలు తన సొంత యాత్ర ఒకటి పెట్టుకుంది. దాని వెంట నేనూ మా తమ్ముడూ వెళ్లాం.

బండి కథ ముందు చెప్పాలి. మా సత్తెనపల్లిలో మా వీధి చివర ఉండే రిటైర్డ్ ఓవర్సీరు గారు వయసులో ఉండగా దానిమీద దేశమంతా తిరిగారు. పక్కన రెండు ఇనప పెట్టెలు, ముందు గాలి కొట్టకుండా అద్దం, ఇద్దరు కాళ్లు చాపుకుని కూర్చునేంత సీటు. ఆయన మోకాళ్లు పోయాక నేను కొన్నాను. "ఇంజను వజ్రమమ్మా" అన్నారాయన. ఇంజను కాని భాగాల గురించి ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.

నాకు మందుల షాపు ఉంది. నలభై ఏడేళ్ల ఆడమనిషి ఒక్కతే బండేసుకుని కర్ణాటక వెళ్లడమేమిటని ఇంట్లో పెద్ద చర్చ జరిగింది. చివరికి నాకు రక్షణగా తమ్ముడు ప్రసాదును పంపాలని తీర్మానించారు. ప్రసాదుకు సైకిలు కూడా రాదు. వెనక కూర్చుని నా భుజాలు పట్టుకుని కళ్లు మూసుకుంటాడు. లారీ ఎదురొస్తే ఇంకొంచెం గట్టిగా మూసుకుంటాడు. అంతకుమించిన రక్షణ ఎవరు మాత్రం ఇస్తారు?

కృష్ణగిరి దాటాక

నంద్యాల, డోన్ దాకా పెద్ద రోడ్డు కాబట్టి బండి గుట్టు బయటపడలేదు. కర్నూలు జిల్లా కృష్ణగిరి దాటి చిన్న దారి పట్టాక తెలిసింది, వెనక షాకబ్జర్లలో నూనె ఎప్పుడో ఓవర్సీరు గారి హయాంలోనే కారిపోయిందని. షాకబ్జరు అనేది గుంతకూ మనిషికీ మధ్య నిలబడి దెబ్బ తను తినాలి. మావి చాలా నిజాయితీగలవి. ప్రతి గుంతనూ ఏమీ దాచుకోకుండా నేరుగా మా వెన్నుపూసకు అందించాయి.

మా వైపు రోడ్డు పక్కన కాలవ ఉంటుంది, కాలవ పక్కన మిరప కల్లమో ఇటుకల బట్టీయో ఉంటుంది. ఇక్కడ రోడ్డు పక్కన పొలం, పొలం పక్కన ఇంకో పొలం, ఆ తర్వాత ఆకాశమే. ఎర్ర నేల కాసేపు, నల్ల నేల కాసేపు. పత్తి పగిలి ఉంది. అంత విశాలమైన దృశ్యాన్ని ప్రసాదు కళ్లు మూసుకునే ఆస్వాదించాడు.

"అక్కా, నేను దిగి నడుస్తాను. నువ్వు మెల్లగా రా" అన్నాడు ఒకచోట.

"ఎంత దూరం నడుస్తావురా?"

"ఎంతైనా."

దేవనకొండలో ఉగ్గాని

దేవనకొండలో రోడ్డు పక్క రేకుల కొట్టులో టిఫిను చేశాం. ఇడ్లీ అడిగితే కొట్టామె మా ఇద్దర్నీ జాలిగా చూసింది. "ఇడ్లీ ఆస్పత్రిలో తింటారు. ఉగ్గాని తినండి" అని రెండు ప్లేట్లు పెట్టింది. బొరుగుల్ని, అదే మన మరమరాల్ని, నీళ్లలో తడిపి పిండేసి, తాలింపు వేసి, పుట్నాల పొడి చల్లుతారు. పక్కన మిరపకాయ బజ్జీలు. మిరపకాయల జిల్లా నుంచి వచ్చినవాణ్ణి, నాకేం కారమని ప్రసాదు మొదటి బజ్జీ కొరికాడు. రెండోది కొరకలేదు. ఇద్దరం కడుపునిండా తిని ఇచ్చిన డబ్బుకు మా ఊళ్లో ఒక మసాలా దోసె వస్తుంది, అదీ మసాలా తక్కువగా.

తిని వచ్చేసరికి వెనక టైరు నేలను కరుచుకుని ఉంది. పంచరు వేసే అతను చక్రం విప్పి, టైరును వేళ్లతో వంచాడు. పక్కలంతా బీటలు. అతను నన్ను వదిలేసి ప్రసాదును చూశాడు.

"ఏమప్పా, ఈ టైరు మీ నాయన కొన్న్యాడా, మీ తాత కొన్న్యాడా?"

"బండి మా అక్కది" అన్నాడు ప్రసాదు.

"అట్లనా" అని అతను మళ్లీ ప్రసాదుకే చెప్పాడు. "ట్యూబుకు ప్యాచీ ఏసినా. ఎమ్మిగనూరు దంకా పోతాది. ఆడ కొత్తవి ఏయించుకోండి. ఆశకు పోయి ముందుకు పోవద్దండి."

గోనెగండ్ల దగ్గర నిలిచిన వజ్రం

గోనెగండ్ల ఇంకా కొంచెం దూరముందనగా వజ్రం దగ్గడం మొదలుపెట్టింది. రెండుసార్లు ఢామ్మని పేలింది. ప్రసాదు రెండుసార్లు దేవుణ్ణి పిలిచాడు. తర్వాత ఇద్దరూ మౌనం వహించారు, బండీ ప్రసాదూ.

కిక్కు కొట్టి కొట్టి కాలు లాగేసింది. ఆ దారిన పోయే ప్రతి ఒక్కరూ ఆగారు. ప్రతి ఒక్కరూ ప్రసాదును పలకరించారు. ప్లగ్గు పోయిందని ఒకరు, పెట్రోల్లో నీళ్లు కలిశాయని ఒకరు, ఆడవాళ్లు తోలితే బండి వేడెక్కుతుందని ఒకరు. చివరికి ఉల్లిగడ్డల మూటలతో పోతున్న ట్రాలీ ఆటో ఆపితే, అందులోని నలుగురు కూలీలు బండిని ఎత్తి మూటల మీద పడుకోబెట్టారు. దేశమంతా తిరిగిన మోటారు సైకిలు ఎమ్మిగనూరులోకి ఉల్లిగడ్డల మీద శయనించి ప్రవేశించింది.

ఎమ్మిగనూరు, ఈరన్న షెడ్డు

ఆటో అతను మమ్మల్ని దింపింది ఈరన్న అనే మెకానిక్ షెడ్డు ముందు. యాభై దాటిన మనిషి, గొంతు పెద్దది. తాను రిపేరు చేయలేని బండి ఈ తాలూకాలో పుట్టలేదని మేము కూర్చునేలోపే మూడుసార్లు చెప్పాడు. ఆనవాయితీ ప్రకారం ప్రసాదునే అడిగాడు.

"ఎంత తిరిగిందప్పా ఇది?"

"మా అక్కను అడగండి."

"మైలేజీ ఎంత ఇస్తాది?"

"మా అక్కను అడగండి."

ఈరన్న విసుక్కుని నా వైపు తిరిగాడు. "అయితే నువ్వే కిక్కు కొట్టమ్మా, సూద్దాం."

కొట్టాను. ఇంజను ఒక్క దగ్గు దగ్గి ఊరుకుంది. కానీ కిక్కు తిరిగి తన్నకుండా కాలు తీసిన తీరు ఆయనకు నచ్చినట్టుంది. ఆ క్షణం నుంచి ప్రసాదు ఆ షెడ్డులో ఒక స్టూలు మాత్రమే.

ఇంజను పక్క మూత విప్పి చూపించాడు. లోపల నిప్పు ఎప్పుడు పుట్టాలో చెప్పే చిన్న ఇనప ముక్కల జత ఉంటుంది, పాయింట్లు అంటారు. మావి కాలి, గుంతలు పడి ఉన్నాయి.

"గీకి పెడ్తా, రేపు పోతాది, ఎల్లుండి నిలుస్తాది. ఎల్లుండి నువ్వు నన్ను తిడ్తావు. పాయింట్లు తీసేసి ఎలక్ట్రానిక్ ది పెట్టుకో, ఇంగ గీకే పనే ఉండదు. వెనక షాకులు గ్యాసువి ఏసుకో. టైర్లు రెండూ వెడల్పువి. ఇవి మూడూ సేస్తే బండి. సెయ్యకుంటే ఇనుము."

"ఇక్కడ దొరుకుతాయా?"

"ఈడ చీరలు దొరుకుతాయి" అన్నాడు ఎదురుగా మగ్గాల వీధిని చూపిస్తూ. "సామాన్లు ఆదోనిలో. టైర్లు బజారులో ఉంటాయి. మిగతావి ఒక శెట్టి ఇంట్లో ఉండాయి. ఆయప్ప అమ్మడు. అయినా పోయి అడుగు."

ఆదోని, శెట్టిగారి పెళ్లిచూపులు

మర్నాడు బస్సులో ఆదోని వెళ్లాం. ఊరు చేరకముందే గాలిలో నూగు. పత్తి బస్తాల లారీలు, పత్తి బండ్లు, జిన్నింగు మిల్లుల ముందు కొండల్లా పత్తి. టీ తాగితే అందులో కూడా కొంచెం పత్తి ఉంది. దానికి విడిగా డబ్బు తీసుకోలేదు.

శెట్టిగారిది పత్తి వ్యాపారం. ఆయనకు మా బండిలాంటివే రెండున్నాయి, రెండూ కదలవు. అయినా వాటికోసం ఏళ్ల తరబడి కొత్త సామాన్లు తెప్పించి, డబ్బా విప్పకుండా దేవుడి గదిలో దాచుకున్నారు. రోజూ హారతి వాటికి కూడా తగులుతుంది. మేము వచ్చిన పని చెప్పగానే ఆయన కుర్చీలో సర్దుకుని కూర్చున్నారు.

"బండిని ఎండలో పెడ్తారా, నీడలోనా?"

"నీడలోనే."

"తాగుడు ఎట్ల?"

నేను ప్రసాదు వైపు చూశాను. ప్రసాదు కంగారుపడి "నాకు అలవాటు లేదండీ" అన్నాడు.

"నిన్ను కాదప్పా, బండి సంగతి. పెట్రోలు ఎంత తాగుతాది?"

మా వంశం, బండి వంశం, ఓవర్సీరు గారి గుణగణాలు అన్నీ విచారించాక శెట్టిగారు దీర్ఘంగా ఊపిరి వదిలారు. "సంబంధం మంచిదే. కానీ ఇయ్యలేనమ్మా. మనసొప్పదు."

లోపల్నుంచి ఆయన భార్య వచ్చింది. చేతిలో ఆ డబ్బాలే ఉన్నాయి. నల్లటి షాకబ్జర్ల జత ఒకటి, పాయింట్ల బదులు పెట్టే అగ్గిపెట్టెంత ఇగ్నిషన్ డబ్బా ఒకటి. తెచ్చి నా ఒళ్లో పెట్టింది.

"దినామూ వీటి దుమ్ము తుడ్సలేక నా సేతులు పడిపోతాండాయి. తీస్కపో తల్లీ. మా దేవుళ్లకు జాగా సాలడం ల్యా."

శెట్టిగారు కొన్న ధరకే ఇచ్చారు. మొహం మాత్రం కూతురిని అత్తారింటికి పంపే తండ్రిలా పెట్టారు. భోజనం చేస్తేనే కదలనిస్తానని ఆమె అడ్డం కూర్చుంది. జొన్నరొట్టె, గుత్తివంకాయ, బుడ్డల పొడి. వేరుశెనక్కాయల్ని ఇక్కడ బుడ్డలంటారు. మా ఇళ్లలో అన్నం తినకపోతే భోజనం చేయనట్టే లెక్క. నేను మూడు రొట్టెలు తిన్నాను. ప్రసాదు కూడా మూడు తిని, చివర్లో మొహమాటంగా కొంచెం అన్నం అడిగాడు. "జొరమొచ్చిందా నాయనా?" అందామె.

బజారులో టైర్లు కొని బస్సెక్కాం. రెండు టైర్లూ మెడలో దండల్లా వేసుకుని కూర్చున్న ప్రసాదును పక్కసీటు ముసలమ్మ చాలాసేపు చూసింది.

"ఈ మధ్య బస్సుకు టైర్లు మనమే తెచ్చుకోవల్లనా నాయనా?" అని అడిగింది.

ఈరన్న గొప్పతనం

ఈరన్న ఒక రోజంతా పని చేశాడు. ముందు చక్రం ఫోర్కుల్లో నూనె మార్చాడు, టైర్లు ఎక్కించాడు, షాకులు బిగించాడు. సాయంత్రానికి ఇగ్నిషన్ డబ్బా పెట్టి, "ఇప్పుడు సూడు" అని కిక్కు కొట్టాడు. సైలెన్సరులోంచి పిడుగు పడ్డట్టు శబ్దం వచ్చింది. ఎదురు మగ్గంలో పని ఆగిపోయి నేత ఆయన బయటికొచ్చాడు. ఈరన్న ఏమాత్రం తడబడలేదు.

"బండిలో బలముందో ల్యాదో సూసినా" అన్నాడు. తర్వాత తాను తారుమారు చేసిన వైర్లు రెండూ నిశ్శబ్దంగా మార్చుకున్నాడు. ఈసారి ఇంజను మెత్తగా పలికింది.

మర్నాడు పొద్దున బండిని పరీక్షించడానికి గోనెగండ్ల వైపు వెళ్లాం. మొన్న నా నడుముతో లెక్కపెట్టిన గుంతలు ఇవేనా అని అనుమానం వచ్చింది. బండి గుంతలోకి దిగుతోంది, లేస్తోంది, మధ్యలో మాకు సంబంధం లేదు. ప్రసాదు ఒక కన్ను తెరిచాడు. ఇంకాసేపటికి రెండోది కూడా తెరిచి, "ఇక్కడ పొలాలున్నాయే!" అన్నాడు.

పత్తి చేలో

అప్పుడే పక్క చేలోంచి కేకలు వినిపించాయి. పత్తి తీసే ఆడవాళ్లు ఒకచోట గుమిగూడి ఉన్నారు. మధ్యలో పాతికేళ్ల అమ్మాయి కాలు చాపుకుని కూర్చుని ఉంది, పేరు నరసమ్మ. చీలమండ మీద పాము గాటు. అప్పటికే వాపు మొదలైంది. రక్తపింజరి అని చూసినవాళ్లు చెప్పారు. దాన్ని ఎవరో కొట్టి గట్టు మీద పడేశారు. కూలీలను తెచ్చిన మేస్త్రి ఫోనులో అరుస్తున్నాడు. అంబులెన్సు ఇంకో ఊరికి పోయిందట, వచ్చేసరికి ఆలస్యమవుతుందట.

"పక్క ఊర్లో మంత్రమేసే ఆయప్ప ఉండాడు. ఆడికి ఎత్తకపోదాం" అన్నాడు మేస్త్రి.

"మంత్రానికి ఈ విషం దిగదయ్యా. ఎమ్మిగనూరు ఆస్పత్రిలో మందుంటుంది. నేను తీసుకెళ్తాను" అన్నాను.

"నువ్వెవరమ్మా సెప్పేకి?"

నరసమ్మ పక్కనే ఆమె అత్త ఉరుకుందమ్మ కూర్చుని ఉంది. కోడలి తలను తన భుజానికి ఆనించుకుంది. తలెత్తి నన్ను చూసింది.

"బండి తోలేది నువ్వా, ఆయప్పా?"

"నేనే. వాడికి రాదు."

"అయితే ఆయప్ప దిగల్ల" అంది.

ప్రసాదు ఎప్పుడో దిగాడు. వాడి తువ్వాలు చింపి, రెండు పత్తి కట్టెలు పెట్టి, కాలు కదలకుండా వదులుగా కట్టాను. వాపు పెరిగితే లోహం కోసుకుపోతుంది కాబట్టి పట్టీలు, మెట్టెలు తీసేయమన్నాను. మెట్టెలనేసరికి ఆడవాళ్లందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. మొగుడు బతికుండగా మెట్టెలు తీయరు. ఉరుకుందమ్మ ఎవరినీ అడగలేదు. కోడలి వేలు తడిపి, మెట్టెలు తానే లాగి, కొంగున ముడేసుకుంది.

నరసమ్మను నా వెనక కూర్చోబెట్టాం, ఆమె వెనక అత్త కూర్చుని ఇద్దర్నీ కలిపి గట్టిగా పట్టుకుంది. చేలోంచి రోడ్డు దాకా దారి లేదు, చాళ్లూ గట్లూ తప్ప. నరసమ్మ గడ్డం నా భుజం మీద ఉంది. మొన్నటి బండి అయితే ఆ గట్ల మీదే మమ్మల్ని ముగ్గుర్నీ పారేసేది. కొత్త టైరు మట్టిని పట్టుకుంది. షాకులు దిగి లేచాయి. ఇంజను ఎక్కడ ఆగుతుందోనని నా చెవులన్నీ దానిమీదే ఉన్నాయి. వేళాకోళాలేమీ గుర్తు రాలేదు. 

"నరసమ్మా, నిద్రపోవద్దు. మాట్లాడు."

"ఏం మాట్లాడల్ల?"

"ఏదైనా."

ఇంకో గట్టు దాటాం. తర్వాత చెవిలో సన్నగా, "ఈ బండి నీకు ఎవరు నేర్పిచ్చినారక్కా?"

"నేనే నేర్చుకున్నా."

"పడినావా?"

"చాలాసార్లు."

"దెబ్బలు తగిల్నాయా?"

"తగిలాయి. మాట్లాడుతూనే ఉండు."

"నోట్లో ఉప్పగా ఉండాదక్కా" అంది. చిగుళ్లలోంచి రక్తమని నాకు అర్థమైంది, చెప్పలేదు. ఉరుకుందమ్మకు కూడా అర్థమైనట్టుంది. "ఇంగ బిన్నెగా పోనీ తల్లీ" అని తొందరపెట్టింది. 

ఆస్పత్రి

ఆస్పత్రిలో గాజు గొట్టంలో రక్తం పోసి పెట్టి చూశారు. గడ్డకట్టలేదు, అంటే విషం రక్తానికి ఎక్కింది. డాక్టరమ్మ వెంటనే విషానికి విరుగుడు మందు ఎక్కించింది. అవసరమైతే కర్నూలు పంపాలంది. నేనూ ఉరుకుందమ్మా వరండాలో నేలమీద కూర్చున్నాం.  ఆమె కొంగు ముడి విప్పి మెట్టెలు చూసుకుంది, మళ్లీ ముడేసింది. అట్లా ఎన్నిసార్లు చేసిందో.

పొద్దుగూకేవేళకు మళ్లీ రక్తం చూశారు. గడ్డకట్టింది. డాక్టరమ్మ బయటికొచ్చి "కర్నూలు అక్కర్లేదు" అంది. ఉరుకుందమ్మ కొంగు ముడిని కళ్లకద్దుకుంది.

అప్పుడే పత్తి ట్రాక్టరులో కూలీలతో పాటు ప్రసాదు దిగాడు. జుట్టు నిండా నూగు, వేళ్ల నిండా గీతలు. నరసమ్మ తీయాల్సిన చాలు ఖాళీగా ఉంటే ఆ రోజు కూలి పోతుందని విని, ఆమె బదులు తాను పత్తి తీశాడట.

"ఎట్లా తీశాడు?" అని మేస్త్రిని అడిగాను.

"మంచి మనిషమ్మా" అన్నాడు మేస్త్రి. పత్తి గురించి ఏమీ అనలేదు.

బయల్దేరే ముందు

మేము ఇంకో మూడు రోజులు ఎమ్మిగనూరులోనే ఉన్నాం, హంపీకని షాపు మూసిన రోజులన్నీ అక్కడే అయిపోయాయి. నరసమ్మ మొగుడు బెంగుళూరులో కట్టడం పని వదిలేసి వచ్చాడు. ఉరుకుందమ్మ మాకు రోజూ రొట్టెలు తెచ్చేది. చివరి రోజు నరసమ్మ మంచం మీద దిండుకు ఆనుకుని కూర్చుని ఉంది. కాలు ఇంకా వాచే ఉంది. మెట్టెలు మళ్లీ వేళ్లకు ఎక్కవు కాబట్టి అత్త వాటిని నల్లదారానికి కట్టి ఆమె మెడలో వేసింది.

"మీది ఏ ఊరక్కా?" అని అడిగింది నరసమ్మ.

చెప్పాను. అత్తాకోడళ్లిద్దరూ నవ్వారు.

"మాకు తెలుసు" అంది ఉరుకుందమ్మ. "ఏటా సుగ్గికి వస్తాం గదా మీ పక్కకు. మిరపకాయలు కోసేకి. రోడ్డు పక్కన పట్టలు కట్టుకుని ఉంటాం. మీ ఊరి బజారులోనే సరుకులు తెచ్చుకుంటాం."

ఇక్కడివాళ్లు పని వెతుక్కుంటూ వలస పోవడాన్ని సుగ్గి అంటారు. ప్రతి ఎండాకాలం ముందు మా ఊరి పొలిమేరలో వెలిసే ఆ నీలం పట్టల గుడారాలు నేను చూస్తూనే ఉంటాను. వాళ్లది ఏ ఊరని ఎన్నడూ అడగలేదు.

"మరి మా మందుల షాపుకెప్పుడైనా వచ్చావా?"

"వచ్చింటాం. జొరం బిళ్లలకు" అంది నరసమ్మ. "నువ్వు సిల్లర ల్యాదని అంటాంటివి."

మేము ఇంటికొచ్చి రెండు నెలలు దాటింది. మిరప కోతలు మొదలయ్యాయి. పోయిన వారం మా షాపు ముందు ఒక ట్రాక్టరు ఆగింది. సామాన్ల మూటల మధ్య నుంచి ఉరుకుందమ్మ దిగింది, చేతిలో గుడ్డలో చుట్టిన జొన్నరొట్టెలు. వెనకాల నరసమ్మ కొంచెం కుంటుతూ వచ్చింది. నన్ను పలకరించలేదు, కుశలం అడగలేదు. షాపులోకి తొంగి చూసింది, గోడ పక్కకు వెళ్లి చూసింది.

"బండి యాడక్కా?" అంది. "నేర్సుకుంటా."